కరాటే మాస్టారు రాసిచ్చిన కాగితం

చెయ్యి పట్టుకున్న పెద్దమనిషికి శాలువా కప్పారు. చెయ్యి విడిపించుకున్న ఆడపిల్లని హాస్టల్లోంచి పంపేశారు. పంపడానికి ఆధారంగా చూపించిన కాగితం నా చేతిరాత. శాలువా కప్పించుకోవడానికి దయచేయమని ఆ పెద్దమనిషికి వెళ్ళిన ఆహ్వానం కూడా నా చేతిరాతే. నా దస్తూరీ బాగుంటుందని అప్పట్లో అందరూ మెచ్చుకునేవారు.

ఇది తొంభైల మొదట్లో బాపట్లలో జరిగింది. ఇప్పుడు మీ కాలేజీల్లో ఆడపిల్లలకు ఆత్మరక్షణ శిక్షణ అని బ్యానర్లు కడుతున్నారు, వాటి కింద నిలబడి ఫొటోలు దిగుతున్నారు. చాలా సంతోషం. ఆ ఫొటోల్లో ఉండే మాస్టర్లూ, పిల్లలూ చదువుతారని ఇది రాస్తున్నాను. మీకు బుద్ధి చెప్పాలని కాదు, ముప్పై ఏళ్ళయినా నా కోపం తీరలేదు, అందుకని.

మాది తెనాలి. ఏడో తరగతిలో బడి మానేశాను. ఆ తర్వాత చదువంతా టైపు ఇన్‌స్టిట్యూటు వెనక పారేసిన కాగితాలు ఏరుకుని చదివిందే. అందుకే నాకు మామూలు ఉత్తరం రాయడం రాదు గాని, 'పైన ఉదహరించిన విషయమునకు సంబంధించి' అని మొదలుపెడితే మాత్రం ఆపేవాడు లేడు. పద్దెనిమిదో ఏట మద్రాసు వెళ్ళి లేతు వర్క్‌షాపులో పనిచేస్తూ, సాయంత్రాలు కరాటే నేర్చుకున్నాను. గోధుమరంగు బెల్టు వచ్చాక తెనాలికి తిరిగొచ్చి బోర్డు రాయించబోతే, ఆర్టిస్టు అడ్డం తిరిగాడు. "బ్రౌను అంటే జనానికేం తెలుస్తదన్నా, బ్లాకు అని రాసేస్తా" అన్నాడు. రాసేశాడు. నేను చెరపలేదు. రెండేళ్ళ తర్వాత మళ్ళీ మద్రాసు వెళ్ళి, పరీక్ష ఇచ్చి, నల్లబెల్టు తెచ్చుకుని బోర్డుకి న్యాయం చేశాననుకోండి.

ఎనభైల్లో కుర్రాళ్ళకి కరాటే అంటే పిచ్చి. తెనాలిలో ధాన్యం ఆరబోసే ఒక మిల్లు చప్టా మీద క్లాసు పెట్టాను. ఆదివారం పొద్దున్నే పాసింజరెక్కి రేపల్లె పోయి అక్కడ ఇంకో క్లాసు. వచ్చిన కుర్రాడు మొదటి నెల పెంకులు పగలగొట్టేవాడు, రెండో నెల సినిమా హాలు దగ్గర ఎవడితోనో తగాదా పడేవాడు, మూడో నెల మానేసేవాడు. ఇలాంటివాళ్ళ కోసమే మా మద్రాసు గురువుగారు ఒక ప్రతిజ్ఞాపత్రం తయారుచేశారు. నేర్చుకున్న విద్యను తరగతి బయట ఎవరి మీదా ప్రయోగించనని రాసుంటుంది. దాని మీద సంతకం పెడితేగాని చేర్చుకోకూడదు. ఆ అరవ కాగితాన్ని నేనే తెలుగు చేసి అచ్చువేయించాను. 'ఎట్టి పరిస్థితులలోనూ' అన్న మాట గురువుగారి కాగితంలో లేదు. చదవడానికి నిండుగా ఉంటుందని నేనే చేర్చాను.

అలా ఉండగా బాపట్ల నుంచి పిలుపొచ్చింది. అక్కడ కొందరు పెద్దలు కమిటీగా ఏర్పడి ఒక టీచరు ట్రైనింగు కాలేజీ, దానికి ఆడపిల్లల హాస్టలు నడుపుతున్నారు. కార్యదర్శి గారు నన్ను కూర్చోబెట్టి, "పేపర్లో రోజూ ఏదో ఒకటి చదువుతున్నాం మాస్టారూ. మా పిల్లలకీ నేర్పండి. కాని పద్ధతిగా నేర్పాలి" అన్నాడు.

పద్ధతి ఏంటో తర్వాత తెలిసింది. ప్యాంటు వేసుకోవచ్చు గాని పైన ఓణీ ఉండాలి, దానికి రెండు పిన్నీసులు పెట్టాలి. కాలు మోకాలికంటే పైకి లేవకూడదు. ముఖ్యంగా, అరవకూడదు. కరాటేలో దెబ్బతోపాటు కేక వెయ్యాలి, కేక లేకపోతే ఊపిరి బిగుసుకుపోయి దెబ్బలో పస ఉండదు. ఆ మాట చెబితే కార్యదర్శి గారు ఆలోచించి, "మెల్లగా అరవమనండి" అన్నాడు. అలా అన్నీ తీసేయగా మిగిలిన కరాటేని మంగళవారం, శనివారం వెళ్ళి ముప్పైనాలుగు మందికి నేర్పాను. ముప్పైనాలుగు మంది ఓణీలు వేసుకుని, గుసగుసగా కేకలు వేస్తూ గాలిని గుద్దేవాళ్ళు. చూసేవాళ్ళకి అదేదో వ్రతమనిపించేది.

క్లాసు జరుగుతున్నంతసేపూ ఆ కాలేజీ డ్రిల్లు టీచరమ్మ మెడలో ఈలతో పక్కన నిలబడి ఉండేది. నాకంటే రెండేళ్ళు పెద్దావిడ. మొదటిరోజే నా ప్రతిజ్ఞాపత్రం పైనుంచి కిందిదాకా చదివింది.

"ఏంటి మాస్టారూ, తరగతి బయట వాడకూడదా?"

"రూలమ్మా."

"మరి తరగతిలో వీళ్ళ చెయ్యి పట్టుకునేదెవరు? మీరా?"

"క్రమశిక్షణ కోసమండి."

"బావుంది. గొడుగు చేతికిచ్చి, వానలో మాత్రం విప్పొద్దంటున్నారు." కాగితం నా చేతిలో పెట్టి ఈల ఊదింది. ఆడవాళ్ళకి సిద్ధాంతం అర్థం కాదని మనసులో అనుకున్నాను. అప్పుడు నా వయసు ముప్పై నాలుగు. ఆ వయసులో మగవాడికి తెలియని సంగతి ఉండదు.

ఆ ముప్పైనాలుగు మందిలో ఒక పిల్ల రేపల్లె అవతల పెనుమూడి నుంచి వచ్చింది. తండ్రి లేడు, తల్లి నాట్లకీ కోతలకీ వెళ్ళేది. వాళ్ళ వీధిలో టీచరు ట్రైనింగు సీటు వచ్చిన మొదటి మనిషి ఈ పిల్లే. చురుకైనదని చెప్పను. ఒక పట్టు నేర్చుకోవడానికి మిగతావాళ్ళకి ఒక వారం పడితే తనకి మూడు వారాలు పట్టేది. కాని వచ్చిందంటే ఇక పోయేది కాదు. ఇంకొకటి, మెల్లగా అరవడం ఆ పిల్లకి చేతనయ్యేది కాదు. చర్చిలో పాటలు పాడి పాడి సాగిన గొంతు. "కాస్త తగ్గించమ్మా" అంటే, "తగ్గట్లేదండి" అనేది.

ఇక పెద్దమనిషి. ఆయన కమిటీ ఉపాధ్యక్షుడు, ఎరువుల వ్యాపారి. ప్రతి ఆదివారం మధ్యాహ్నం హాస్టలు భోజనం తనిఖీ చేయడానికి వచ్చేవాడు. ఆదివారం కోడికూర. మిగతా ఆరు రోజుల సాంబారు మీద ఆయనకి ఎప్పుడూ అనుమానం రాలేదు. తిన్నాక జాతకాలు చెప్పేవాడు. హస్తరేఖలు చూస్తాడట. వంటావిడ కొడుకులిద్దరు అక్కడే నీళ్ళు మోసేవాళ్ళు, వాళ్ళ రేఖలు ఆయన ఏనాడూ చూడలేదు. ఆడపిల్లల రేఖలే ఆయన చదువు. ఆ రేఖలు అరచేతిలో మొదలై, ఆయన లెక్కన మోచేతి దాకా సాగేవి. ఆ సమయానికి వార్డెనమ్మకి మజ్జిగ కుండ దగ్గర ఏదో పని గుర్తొచ్చేది.

ఈ సంగతి డ్రిల్లు టీచరమ్మ నాకు చెప్పింది. "పెద్దాయన, సరదా మనిషిలెండి" అన్నాను. ఆవిడ నా వంక చూసిన చూపు నాకింకా గుర్తుంది.

ఆ ఆదివారం నేను రేపల్లెలో ఉన్నాను. జరిగింది మంగళవారం గేటు దగ్గరే వంటావిడ నోట విన్నాను. ఆయన కూర తిని, చెయ్యి కడుక్కుని, పెనుమూడి పిల్లని పిలిచాడు. "నీకు టీచరు ఉద్యోగం రాసిపెట్టి ఉందో లేదో చూస్తా, రామ్మా."

"అక్కర్లేదండి. చదువుతున్నాను కదండీ, వస్తుంది."

"ఓసి దీని పొగరు!" అని నవ్వుతూ లేచి మణికట్టు పట్టుకున్నాడు.

మణికట్టు పట్టుకుంటే ఏం చేయాలన్నది నా మొదటి పాఠం. పట్టు ఎంత గట్టిదైనా, బొటనవేలు ఉన్న వైపు బలహీనం. చెయ్యి అటు తిప్పి లాగాలి, రెండో అరచేత్తో ఛాతీ మీద తోయాలి, కేక వెయ్యాలి. ఆ పిల్ల మూడూ చేసింది. ఓణీ పిన్నీసు ఊడలేదు, కాలు మోకాలిపైకి లేవలేదు. కమిటీ నిబంధనల్లో తప్పింది కేక ఒక్కటే. అది స్టేషన్ దాకా వినపడి ఉంటుందని వంటావిడ అంచనా. పెద్దమనిషి వెనక్కి నాలుగడుగులు వేసి, ఎంగిలి కంచాలు నానబెట్టిన రేకు తొట్టిలో కూర్చున్నాడు. రెండు వేళ్ళు బెణికాయి.

మంగళవారం నేను వెళ్ళేసరికి ఆఫీసు గదిలో కార్యదర్శి గారు, వేళ్ళకి కట్టుతో ఉపాధ్యక్షుల వారు, మజ్జిగ వార్డెనమ్మ. బల్ల మీద ఆ పిల్ల సంతకం చేసిన ప్రతిజ్ఞాపత్రం ఉంది.

"మాస్టారూ, ఇది మీ కాగితమేనా?" అన్నాడు కార్యదర్శి.

"అవునండి."

"భోజనశాల తరగతి లోపలా, బయటా?"

"బయటేనండి. కాని అయ్యా, ఆయన చెయ్యి..."

"నేనడిగింది భోజనశాల సంగతి. ఎట్టి పరిస్థితులలోనూ అని ఉంది. అది మీరు రాసిందే కదా?"

"నేను రాసిందేనండి."

"చాలు. ప్రతిజ్ఞ తప్పిందని రాసివ్వండి. మిగతాది మేం చూసుకుంటాం."

ఉపాధ్యక్షుడు నొప్పిగా నవ్వాడు. "చిన్నపిల్లండీ, నాకేం కోపం లేదు. క్రమశిక్షణ ఒక్కటీ నిలబడితే చాలు. మీ బెల్టుల పంపకం ఎప్పుడు మాస్టారూ?"

ఆయన నా జాతకం చెయ్యి చూడకుండానే చెప్పేశాడు. మూడు వారాల్లో మునిసిపల్ గ్రౌండులో బెల్టుల పంపకం. తెనాలి, బాపట్ల, రేపల్లె మూడూళ్ళలో ఆడపిల్లలకు బెల్టులిచ్చిన తొలి మాస్టర్ని నేనే అవుతాను. బ్యానరుకి అప్పటికే చెప్పేశాను. ఈ కాగితం రాయకపోతే క్లాసు ఉండదు.

రాశాను. 'విషయము: ప్రతిజ్ఞా భంగము' అని మొదలుపెట్టి ఒక పేజీ. చెప్పడానికి సిగ్గుగా ఉంది గాని, రాసేటప్పుడు నాకు దుఃఖం రాలేదు. వాక్యం బాగా కుదిరిందని ఒకచోట రెండోసారి చదువుకున్నాను కూడా. అదే చేత్తో, ఎవరి మనసులోనూ ఏమీ లేదని ఊరందరికీ తెలియాలని కార్యదర్శి గారంటే, ముఖ్య అతిథిగా ఉపాధ్యక్షుల వారికి ఆహ్వానం రాశాను.

ఆ పిల్లని కాలేజీ నుంచి తీసేయలేదు. అలా తీసేస్తే పైఆఫీసుకి కారణం రాయాలి. హాస్టల్లోంచి పంపితే ఎవరికీ ఏమీ రాయక్కర్లేదు. పెనుమూడి నుంచి బాపట్లకి రోజూ రావాలంటే రేపల్లె దాకా బస్సు, తెనాలి దాకా ఒక రైలు, అక్కణ్ణించి ఇంకో రైలు. పదింటికి క్లాసు. తనే మానేస్తుందని వాళ్ళ లెక్క. ట్రైనింగు పూర్తవడానికి ఇంకా నాలుగు నెలలుంది. బుధవారం ఆ పిల్ల ట్రంకుపెట్టెతో తెనాలి స్టేషన్లో రైలు మారుతుంటే చూశాను. నేను చూశాను గాని, తను నన్ను చూడలేదు. ఎందుకంటే నల్లబెల్టు మాస్టర్ని, టీకొట్టు వెనక నక్కి ఉన్నాను.

ఇక బెల్టుల రోజు. గ్రౌండు నిండా జనం. పిల్లల తల్లులు వెనక చాపల మీద కూర్చున్నారు. ఉపాధ్యక్షుల వారికి శాలువా కప్పారు. స్త్రీ అబల కాదని ఆయన పావుగంట మాట్లాడాడు. వేళ్ళ కట్టు విప్పేశాడు గాని ఒక వేలు ఇంకా వంగటం లేదు, అందుకని ఉపన్యాసమంతా ఆకాశం వైపు చూపిస్తున్నట్టే ఉంది. తర్వాత ప్రదర్శన. ముప్పైమూడు మంది తెల్లబట్టల్లో వరసగా నిలబడ్డారు. నేను మైకులో ఆజ్ఞ ఇచ్చాను, "మొదటి పట్టు, మణికట్టు విడిపించుకొనుట. ఒకటి!"

ఎవరూ కదల్లేదు. వినపడలేదేమోనని మళ్ళీ చెప్పాను. ముప్పైమూడు మంది చేతులు కట్టుకుని నిలబడ్డారు. మొదటి వరసలో కర్లపాలెం పిల్ల ఉండేది, అందరిలోకీ పొట్టిది. అది ముందుకొచ్చి వినయంగా అంది:

"మాస్టారూ, ఇది తరగతి బయటండి. ఎట్టి పరిస్థితులలోనూ ప్రయోగించబోమని సంతకాలు పెట్టాం కదండీ. మమ్మల్నీ పంపేస్తారండి."

చాపల మీద నుంచి నవ్వు మొదలైంది. డ్రిల్లు టీచరమ్మ ఈల నోట్లో పెట్టుకుని ఊదకుండా మేఘాలు చూస్తోంది. కార్యదర్శి గారి మొహం కందగడ్డ అయింది. వాతావరణం తేలిక చేద్దామనుకున్నాడో, అలవాటు ఆగలేదో, ఉపాధ్యక్షుల వారు శాలువాతో సహా లేచారు. "ఏంటమ్మా మీ భయం? రండి, నేను చెయ్యి పట్టుకుంటా, విడిపించుకోండి చూద్దాం!"

వెనకనుంచి వంటావిడ గొంతు లేచింది. "ఉండండయ్యా, ఉండండి. తొట్టి తెచ్చి పెడతా!"

ఆ నవ్వు మీకు కాగితం మీద వినిపించలేను. ఆడవాళ్ళు చాపల మీద పడి నవ్వారు. ఎందుకు నవ్వుతున్నారో తెలియని వాళ్ళకి పక్కవాళ్ళు చెబుతున్నారు, చెప్పగానే వాళ్ళూ నవ్వుతున్నారు. మూడు వారాలుగా హాస్టలు గోడల్లో దాచిన సంగతి ఐదు నిమిషాల్లో గ్రౌండు దాటింది.

అప్పుడు నాకు పౌరుషం వచ్చింది. ముప్పైమూడు మంది ముందు నడిచాక వెనకే నడిచే పౌరుషం అది. మైకు పట్టుకుని, "నేను రాసిచ్చిన కాగితం తప్పు" అని మొదలుపెట్టాను. కార్యదర్శి గారు మైకువాడికి సైగ చేశాడు. మైకు ఆగింది. నేను ఆపకుండా పది నిమిషాలు మాట్లాడాను. ముందు రెండు వరసలకి మాత్రం వినపడింది. ఆ రెండు వరసల్లో కూర్చున్నది కమిటీవాళ్ళు. మర్నాటి నుంచి నన్ను రావద్దన్నారు.

ఆ ఆదివారం రేపల్లెలో క్లాసు ముగించుకుని పెనుమూడి వెళ్ళాను. ఇప్పుడంటే వంతెన కట్టి రోడ్లు బాగుచేశారు, అప్పుడు బస్సు దిగి దుమ్ములో నడవడమే. తల్లి గుమ్మంలో కూర్చుని కొడవలి నూరుతోంది. నేనెవరో చెప్పాను. నూరడం ఆపలేదు.

"మా పిల్ల తప్పు చేసిందా మాస్టారూ?"

"లేదమ్మా."

"మరి చేసిందని రాశారంటగా."

"రాశాను."

"ఎందుకు రాశారు?"

ఆ ప్రశ్నకి నా దగ్గర ఆఫీసు తెలుగులో జవాబుంది గాని ఆవిడ భాషలో లేదు. లోపల్నుంచి పిల్ల వచ్చింది. పుస్తకం మధ్యలో వేలు పెట్టుకుని ఉంది.

"క్షమించమని అడగడానికొచ్చారాండీ?"

"అవునమ్మా."

"సరేనండి, క్షమించాను. ఇప్పుడేం చేస్తారు?"

ఇంత తొందరగా క్షమిస్తే ఏం చెయ్యాలో నాకు తెలియలేదు. తప్పని కమిటీకి రాస్తానన్నాను.

"రాయండి. అమాయకురాలనీ, బీదపిల్లనీ మాత్రం రాయకండి. నేను తోశాను. చెయ్యి పట్టుకున్నాడు కాబట్టి తోశాను. అలాగే రాయండి."

అలాగే రాశాను. జవాబు లేదు. మళ్ళీ రాశాను. జవాబు లేదు. ఈలోపు నా ఉత్తరాలతో పని లేకుండా డ్రిల్లు టీచరమ్మ పెనుమూడి వెళ్ళి, ఆ పిల్లని ట్రంకుపెట్టెతో సహా తన ఇంటికి తెచ్చుకుని, వరండాకి తడిక కట్టించి గదిలా చేసి అందులో పెట్టింది. ఆవిడకి జీతం ఇచ్చేది ప్రభుత్వం, కమిటీ పళ్ళు నూరుకుని ఊరుకుంది. పిల్ల నాలుగు నెలలూ చదివి పాసైంది. మాస్టర్లకి ఇది కొంచెం గట్టిగానే చెబుతున్నాను: ఆ పిల్లని కాపాడింది నా నల్లబెల్టు కాదు, వరండా తడిక.

కాని కమిటీ తన చివరి దెబ్బ దాచుకుంది. నడవడిక సర్టిఫికెట్టులో, 'తృప్తికరము కాదు. ఒక పెద్దమనిషిపై చేయి చేసుకొనినది' అని రాసిచ్చింది.

మరుసటేడు టీచరు పోస్టుల ఎంపికలో ఆ పిల్లకి మంచి మార్కులొచ్చాయి. కాగితాలు చూసే అధికారి ఆ సర్టిఫికెట్టు దగ్గర ఆగాడు. నెలలోపు సరైనది తెమ్మన్నాడు, లేకపోతే ఆ పోస్టు తర్వాతి వాళ్ళకి వెళుతుంది. ఆ సాయంత్రమే తెనాలిలో మా చప్టా దగ్గరికొచ్చింది.

"మాస్టారూ, మీ దస్తూరీ కావాలండి."

నేను ఉత్సాహంగా మూడు పేజీలు రాశాను. న్యాయం, ధర్మం, స్త్రీజాతి, అన్నీ పెట్టాను. తను ఎర్రపెన్ను తీసి, కాపీ పుస్తకం దిద్దినట్టు అడ్డంగా గీతలు కొట్టింది. అప్పటికే సగం టీచరు.

"ఇవన్నీ వాళ్ళకి తెలుసండి. ఒక్క సంగతి అడగండి. ఒక పెద్దమనిషి అని రాశారు. ఆ పెద్దమనిషి పేరేంటి, ఆదివారం ఆడపిల్లల భోజనశాలలో ఆయనకేం పని, నా చెయ్యి ఆయన చేతిలో ఎందుకుంది? రాతపూర్వకంగా చెప్పమనండి. నకలు ఆ అధికారి గారికి పంపుతున్నామని కింద రాయండి."

అంతే రాశాను. నాలుగు వాక్యాలు. నా జీవితంలో అంత పొట్టి కాగితం రాయలేదు. ఉపాధ్యక్షుల వారు అప్పుడు అధ్యక్షుడు కాబోతున్నారనీ, ఆయన పేరు ఏ కాగితం మీదా పడకూడదని కమిటీ భయపడిందనీ నాకు తర్వాత తెలిసింది. పన్నెండు రోజులకి రిజిస్టరు పోస్టులో కవరొచ్చింది. ఏడాదిన్నరగా ఒక్క ఉత్తరానికీ పలకని కమిటీ ఇలా పలికింది:

"తమరి లేఖ అందినది. సదరు విషయమును కమిటీ క్షుణ్ణముగా విచారించినది. తమరు పేర్కొన్న ఆదివారమున ఏ పెద్దమనిషియు హాస్టలు భోజనశాలకు వచ్చియుండలేదని రికార్డులను బట్టి నిర్ధారణ అయినది. రాని మనిషి ఒకరి చేయి పట్టుకొనుటకు గాని, రాని మనిషిపై మరొకరు చేయి చేసుకొనుటకు గాని వీలులేదు. కావున సదరు విద్యార్థిని నడవడిక మిక్కిలి తృప్తికరము. సవరించిన సర్టిఫికెట్టు ఇందువెంట జతపరచడమైనది. జరగని సంఘటన జరిగినట్లు తప్పుడు కాగితము రాసియిచ్చి, ఒక ఉత్తమ విద్యార్థినికి కష్టము కలిగించినందులకు తమరిని తీవ్రముగా మందలించడమైనది."